పచ్చ కౌంటర్ ముందు పరదేశి

1950ల చివర్లో జపాన్ జాతీయ రైల్వేలో సీట్ల రిజర్వేషన్ పని ఒక గుండ్రటి బల్ల చుట్టూ జరిగేది. బల్ల మెల్లగా తిరుగుతూ ఉండేది. దాని అరల్లో ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో రిజిస్టరు. చుట్టూ కూర్చున్న ఉద్యోగుల చెవులకు ఫోన్లు. ఎక్కడో ఒక స్టేషన్ నుంచి గుమాస్తా ఫోన్ చేసి ఫలానా తేదీన ఫలానా ఎక్స్‌ప్రెస్‌లో రెండు సీట్లు కావాలంటాడు. ఇక్కడి ఉద్యోగి ఆ అర తన ముందుకు వచ్చేదాకా కాచుకుని, రిజిస్టరు చటుక్కున లాగి, ఖాళీ గడి నింపి, పెట్టె నంబరూ సీటు నంబరూ చదివి వినిపించి, మళ్లీ అరలో పెట్టాలి. ఆ రిజిస్టరు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంటే ఈయన ఆగాలి. ఫోన్‌కు అవతల గుమాస్తా ఆగాలి. ఆ గుమాస్తా ఎదుట, కౌంటర్ బయట, టికెట్ కోసం వచ్చిన మనిషి నిలబడే ఉండాలి.

ఆ వరుసలో భాష రాని విదేశీయుడు ఉంటే పని ఇంకా ఆలస్యమయ్యేది. ఈరోజు బుల్లెట్ రైలు టికెట్‌ను విదేశీ టూరిస్టు తన ఊళ్లోనే కూర్చుని ఫోన్‌లో కొనుక్కుంటున్నాడు. ఈ మార్పు టూరిస్టు సౌకర్యం కోసమే వచ్చిందనుకుంటే పొరపాటు. జపాన్ రైల్వే ఎప్పుడూ ముందు సీట్ల లెక్క చూసుకుంది, తరువాతే పరదేశిని చూసింది. ఆ లెక్కలో సీట్లు మిగిలినప్పుడు అతనికి ప్రత్యేక ద్వారం తెరిచింది, మిగలనప్పుడు దాన్ని ఇరుకు చేసింది.

నిజానికి ఆ దేశపు మొదటి రైలు మార్గానికే విదేశీయులతో గట్టి సంబంధం ఉంది. 1872 అక్టోబరు 14న టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామాకు రైలు ప్రారంభమైంది. 29 కిలోమీటర్లు, 53 నిమిషాలు. యోకొహామా విదేశీ వర్తకులు కాపురముండే రేవు. చీఫ్ ఇంజినీరు ఎడ్మండ్ మోరెల్ ఇంగ్లండువాడు. లైను పూర్తవకముందే 1871లో చనిపోయాడు. మూడు తరగతుల టికెట్లు. మొదటి తరగతి చార్జీ మూడో తరగతికి సరిగ్గా మూడింతలు.

రైలైతే ఎక్కొచ్చు గానీ ఎక్కడిదాకా పోవచ్చన్నది వేరే సంగతి. ఒప్పందాల ప్రకారం రేవు పట్నాల్లో ఉండే విదేశీయులు చుట్టూ పది రీలు, అంటే సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే తిరగాలి. అది దాటాలంటే ప్రత్యేక అనుమతి పత్రం ఉండాలి. 1878లో ఉత్తర జపాన్ తిరిగిన ఇంగ్లిష్ యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ కూడా బ్రిటిష్ రాయబారి పలుకుబడితో అలాంటి పత్రం సంపాదించుకునే బయల్దేరింది. కొత్త ఒప్పందాలు అమల్లోకి వచ్చిన 1899లో ఈ నిబంధన పోయింది. అప్పటిదాకా పరదేశి విషయంలో చార్జీ తరువాతి సంగతి, అనుమతి ముందు సంగతి.

ఆ తరువాత పదేళ్లు దాటేసరికి రైల్వే ధోరణి పూర్తిగా మారిపోయింది. రష్యాతో యుద్ధం వల్ల పెరిగిన అప్పులు తీర్చడానికి దేశానికి విదేశీ డబ్బు కావాలి. 1912లో రైల్వే అధికారి కినోషితా యోషియో చొరవతో జపాన్ టూరిస్ట్ బ్యూరో పుట్టింది. తరువాత జేటీబీ పేరుతో ప్రపంచంలోని పెద్ద ట్రావెల్ కంపెనీల్లో ఒకటైన ఆ సంస్థ అసలు మొదలైంది విదేశీయులను రప్పించి, వచ్చినవాళ్లకు దారి చూపడానికే. దేశంలో తిరిగే జపనీయులు దాని ఖాతాదారులయింది ఆ తరువాత. రైల్వే శాఖ 1913 నుంచి 1917 దాకా తూర్పు ఆసియా మీద ఇంగ్లిష్‌లో అయిదు సంపుటాల గైడు అచ్చువేసింది. ఆ రోజుల్లోనే టోక్యోలో ఒకే టికెట్ తీసుకుని త్సురుగ రేవుకు రైల్లో, అక్కడినుంచి ఓడలో వ్లాదివోస్తోక్‌కు, ఆపైన సైబీరియా మీదుగా యూరప్ నగరాలకు వెళ్లే ఏర్పాటు ఉండేది. ప్రపంచ యుద్ధాలు ఆ దారిని మూసేశాయి.

మళ్లీ తిరిగే బల్ల దగ్గరికి వద్దాం. యుద్ధం తరువాత జపనీయుల చేతుల్లో డబ్బు ఆడి, ప్రయాణాలు పెరిగేకొద్దీ ఆ బల్ల అందుకోలేకపోయింది. రైల్వే పరిశోధన సంస్థలో హొసాకా మమోరు అనే శాస్త్రవేత్త ఈ పనిని యంత్రానికి అప్పజెప్పవచ్చని పట్టుబట్టాడు. హిటాచీ కంపెనీ యంత్రం కట్టింది. 1960 ఫిబ్రవరిలో పనిలోకి దిగిన ఆ యంత్రం పేరు మార్స్-1. అది చూసింది కేవలం నాలుగు ఎక్స్‌ప్రెస్‌లను, రోజుకు 3,600 సీట్లను, పదిహేను రోజుల ముందుదాకా. ఇవాళ్టి లెక్కలో అది పిసరంత. అయినా అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి విమాన సీట్ల రిజర్వేషన్ వ్యవస్థ సేబర్ పూర్తిస్థాయిలో 1964లో అందుబాటులోకి వచ్చిందని గుర్తుంచుకుంటే, రైలు సీటును కంప్యూటర్‌తో అమ్మడంలో జపాన్ ఎంత ముందుందో తెలుస్తుంది.

మన దగ్గర ఇదే పని కంప్యూటర్ చేతికి వచ్చింది 1980ల మధ్యలో, ఢిల్లీలో. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నింటినీ ఒకే తాటి మీదికి తెచ్చిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొట్టమొదట సికింద్రాబాద్‌లోనే నడిపి చూశారు. అంతకుముందు సికింద్రాబాద్‌లో క్యూ కట్టి, చేత్తో రాసిన రిజిస్టర్ల కాలాన్ని చూసిన తెలుగు ప్రయాణికులకు ఆ గుండ్రటి బల్ల గోడు ఎవరూ వివరించనక్కర్లేదు.

1964 అక్టోబరు 1న, ఒలింపిక్స్‌కు తొమ్మిది రోజుల ముందు, టోక్యో నుంచి షిన్-ఒసాకాకు బుల్లెట్ రైలు, అంటే షింకాన్సెన్, బయల్దేరింది. అంతకుముందు మేలిరకం ఎక్స్‌ప్రెస్‌లో ఆరున్నర గంటలు పట్టే దూరాన్ని షింకాన్సెన్‌లోని ‘హికారి’ రైలు నాలుగు గంటలకు, మరుసటి ఏడాది మూడు గంటల పది నిమిషాలకు దించింది. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. ఖర్చు అంచనాలు దాటిపోయిన గొడవలో రైల్వే అధ్యక్షుడు సోగో షింజీ, చీఫ్ ఇంజినీరు షిమా హిదెయో ఇద్దరూ 1963లోనే తప్పుకున్నారు. వాళ్లు కన్న రైలు కదులుతున్నప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ లేరు. హికారిలో రెండో తరగతి టికెట్ 2,480 యెన్లు.

ఆ మొత్తం ఒక్క టికెట్‌ది కాదు. దూరానికి మామూలు చార్జీ టికెట్ ఒకటి, వేగానికి అదనపు టికెట్ మరొకటి. ఈ రెండు ముక్కల పద్ధతి ఈనాటికీ ఉంది. ఆటోమేటిక్ గేటులో రెండింటినీ కలిపి ఒకేసారి దూర్చాలి. ఆ గేట్లు వచ్చినప్పటినుంచి జపాన్‌లో దిగి విడి టికెట్లు కొన్న విదేశీయుల్లో చాలామంది ఒక టికెట్ పెట్టి, గేటు తెరుచుకోక, వెనుక వరుస పెరుగుతుంటే బిక్కమొహం వేసిన బాపతే. ఇంత కచ్చితమైన రైల్వే ఈ జంట టికెట్ల గందరగోళాన్ని ఎందుకు సాగనిచ్చిందో అర్థం కాదు. పాత చార్జీల పట్టికలో వేళ్లూనుకున్న పద్ధతిని పీకడం కన్నా ప్రయాణికుడికి నేర్పడమే తేలికని తోచి ఉండాలి.

1965 సెప్టెంబరు 24న దేశవ్యాప్తంగా 152 స్టేషన్లలో ‘మిదోరి నో మదోగుచి’ (పచ్చ కౌంటర్) పేరుతో కొత్త రిజర్వేషన్ కౌంటర్లు తెరిచారు. మార్స్ యంత్రం ఇచ్చే టికెట్లు లేత పచ్చరంగు కాగితం మీద ఉండేవి. కౌంటర్ బోర్డుకూ అదే రంగు, పేరులోనూ అదే రంగు. 1970ల్లో ఆ కౌంటర్ల లోపల ఉన్న యంత్రం చూడముచ్చటగా ఉండేది. స్టేషన్ల పేర్లున్న గట్టి రేకుల్ని పుస్తకంలా తిప్పుతూ, కావలసిన పేరు పక్కన రంధ్రంలో పిన్ను గుచ్చితే సీటు అడిగినట్టు. విదేశీయుడి నోట ఊరి పేరు ఎలా పలికినా ఉద్యోగి ఆ రంధ్రం వెతికి పట్టుకోవాల్సిందే. హోటల్ వాళ్లచేత రైలు పేరు, తేదీ, వేళ జపనీస్‌లో ఒక కాగితం మీద రాయించుకుని కౌంటర్ అద్దం ముందు పెట్టడం చాలాకాలం తెలివైన టూరిస్టు లక్షణం.

1970లో ఒసాకా ఎక్స్‌పో జరిగింది. 6 కోట్ల 40 లక్షల మంది చూశారు. హికారి రైళ్లను పన్నెండు పెట్టెల నుంచి పదహారుకు పెంచారు. జనంలో అత్యధికులు స్వదేశీయులే. విదేశీ టూరిస్టు ఇంకా రైల్వే లెక్కలో పెద్ద పద్దు కాదు.

ఆ పద్దు తెరిపించింది అప్పు. షింకాన్సెన్ పరుగందుకున్న 1964లోనే జాతీయ రైల్వే నష్టాల్లో పడింది, మళ్లీ లేవలేదు. 1976లో చార్జీలను ఒక్కసారిగా దాదాపు యాభై శాతం పెంచింది. జనం విమానాలకూ కార్లకూ మళ్లారు. 1975లో దక్షిణాన హకాతా దాకా లైను చేరింది, ఉత్తరాన 1982లో తొహోకు, జోయెత్సు లైన్లు రాబోతున్నాయి. అంటే సీట్లు పెరుగుతున్నాయి, కూర్చునేవాళ్లు తగ్గుతున్నారు. సరిగ్గా ఆ సందులో, 1981 మే నెలలో, ‘జపాన్ రైల్ పాస్’ పుట్టింది. ఏడు, పద్నాలుగు లేదా ఇరవయ్యొక్క రోజులు, దేశమంతా, ఎన్నిసార్లయినా. యూరప్ దేశాలు 1959 నుంచే బయటి ఖండాలవాళ్లకు యూరైల్ పాస్ అమ్ముతున్నాయి. జపాన్ ఆ ఎత్తుగడను తనకు తగ్గట్టు మలుచుకుంది.

మలుచుకోవడంలో రైల్వే జాగ్రత్త అంతా బయటపడింది. అప్పట్లో పాస్ జపాన్‌లో దొరికేది కాదు. టూరిస్టు తన దేశంలోనే ట్రావెల్ ఏజెంటు దగ్గర డబ్బు కట్టాల్సి వచ్చేది. అప్పుడు చేతికి వచ్చేది పాస్ కాదు, దానికి బదులిచ్చే చీటీ. ఆ చీటీ మూడు నెలలు చెల్లుతుంది. జపాన్‌లో దిగాక పెద్ద స్టేషన్‌లో దాన్ని, పాస్‌పోర్టును చూపాలి. పాస్‌పోర్టు మీద ‘తాత్కాలిక సందర్శకుడు’ అన్న ముద్ర ఉంటేనే అసలు పాస్ ఇస్తారు. పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వరు. పూర్తి చార్జీ పెట్టుకునే స్వదేశీ ప్రయాణికుడి చేతికి ఈ చవక బేరం పొరపాటున కూడా చిక్కకూడదు, అంతే. 1899కు ముందు పత్రం చూపితేనే ప్రయాణం, 1981 తరువాత పత్రం చూపితేనే రాయితీ. రెంటికీ మధ్య పాస్‌పోర్టు ఆంక్ష నుంచి అర్హతగా మారింది.

ఈ ముద్ర నిబంధన ఈనాటికీ ఒకే ఇంట్లో తేడా తెస్తుంది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషికసాయి ప్రాంతంలో కాపురముంటూ అక్కడే ఉద్యోగం చేసే తెలుగు ఇంజినీరుకు ఈ పాస్ రాదు. అతన్ని చూడడానికి విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలకు వస్తుంది. అందరూ కలిసి క్యోటో బయల్దేరితే ఒకే కుటుంబానికి రెండు రకాల టికెట్లు.

జాతీయ రైల్వే 1987 ఏప్రిల్ 1న ముక్కలైంది. అప్పటికి దాని నెత్తిన ఉన్న అప్పు సుమారు 37 లక్షల కోట్ల యెన్లు. ఆరు ప్రయాణికుల కంపెనీలు, ఒక సరుకు రవాణా కంపెనీ వచ్చాయి. పాస్ మాత్రం ఉమ్మడి ఆస్తిగా మిగిలింది, మార్స్ యంత్రాంగం కూడా. లేకపోతే హొక్కాయిదో నుంచి క్యూషూ దాకా వెళ్లే టూరిస్టు నాలుగైదు కంపెనీలతో వేర్వేరుగా బేరమాడాల్సి వచ్చేది. కరెన్సీల మారకపు విలువల మీద కుదిరిన 1985 ప్లాజా ఒప్పందం తరువాత రెండు మూడేళ్లలో యెన్ విలువ డాలరుతో దాదాపు రెట్టింపయింది. టోక్యోలో కాఫీ తాగడానికే జేబు తడుముకునే ఆ కాలంలో విదేశీ టూరిస్టుకు అందుబాటులో ఉన్నది ఈ పాస్ ఒక్కటే. దీర్ఘకాలం ఏడు రోజుల పాస్ 28,300 యెన్ల దగ్గరే నిలిచింది. టోక్యో నుంచి క్యోటోకు వెళ్లి వస్తే దాదాపు అంతే అవుతుంది. ఆపైన ఎక్కినవన్నీ ఉచితం కిందే లెక్క.

అయితే అన్ని రైళ్లూ కాదు. 1992లో అత్యంత వేగంగా వెళ్లే ‘నోజోమి’ వచ్చింది. పాస్ ఉన్నవాళ్లకు అప్పట్లో దాంట్లో చోటుండేది కాదు. 2011లో దక్షిణాన వచ్చిన ‘మిజుహో’దీ అదే కథ. నోజోమిలు పెరిగేకొద్దీ హికారులు తగ్గాయి. కాబట్టి టోక్యో ప్లాట్‌ఫారం మీద నిమిషాల వ్యవధిలో నోజోమిలు వచ్చి పోతుంటే, పాస్ పట్టుకున్నవాళ్లు గంటకు రెండో మూడో వచ్చే హికారి కోసం సూట్‌కేసుల మీద కూర్చుని కాచుకునేవారు. ఆటోమేటిక్ గేట్లు కూడా వాళ్లకోసం కాదు. పాస్ అట్టలా ఉండేది. పక్కన మనిషి నిలబడే గేటు దగ్గర దాన్ని విప్పి చూపి లోపలికి పోవాల్సి వచ్చేది. గేటులోంచి దూర్చగలిగే పాస్‌లు వచ్చింది 2020లో.

2003లో జపాన్‌కు వచ్చిన విదేశీయులు 52 లక్షలు. 2013లో కోటి దాటారు. 2019లో దాదాపు 3 కోట్ల 19 లక్షలు. కొవిడ్ తరువాత 2024లో దాదాపు 3 కోట్ల 69 లక్షలు. ఖాళీ సీట్లు నింపడానికి పిలిచిన అతిథి ఇప్పుడు సీటు కోసం స్వదేశీయుడితో పోటీపడే స్థితికి వచ్చాడు. 2020 మే నుంచి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె తెస్తే దానికి చోటున్న సీటును ముందే రిజర్వ్ చేసుకోవాలన్నారు. చేసుకోకపోతే 1,000 యెన్లు కట్టాలి. ఇది టూరిస్టును ఉద్దేశించి పెట్టిన నిబంధన కాదని రైల్వేలు అనొచ్చు. కానీ స్వదేశీ ఉద్యోగి అంత పెట్టె మోస్తూ ఒసాకా మీటింగుకు వెళ్లడు కదా.

2023 అక్టోబరులో అసలు దెబ్బ పడింది. 29,650 యెన్ల ఏడు రోజుల పాస్ 50,000 అయింది. పద్నాలుగు రోజులది 47,250 నుంచి 80,000కు, ఇరవయ్యొక్క రోజులది 60,450 నుంచి లక్షకు చేరాయి. తీపి పూతగా నోజోమిలోకి అనుమతించారు గానీ దానికి మళ్లీ అదనం; టోక్యో నుంచి క్యోటోకు 4,960 యెన్లు. అప్పటి చార్జీల ప్రకారం టోక్యో నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటిన హకాతాకు వెళ్లి వచ్చినా 50,000 యెన్లు కావు. అంటే వారంలో దేశం ఈ కొస నుంచి ఆ కొస చుట్టే మనిషికి తప్ప పాస్ గిట్టుబాటు కాదు. నలభై ఏళ్లపాటు గైడు పుస్తకాల మొదటి సలహాగా ఉన్న వస్తువు ఒక్క రోజులో లెక్క చూసుకుని కొనాల్సిన వస్తువైంది. యెన్ విలువ పడిపోయి ఉండడంతో విదేశీయుడి జేబుకు ఈ పెంపు కనిపించినంత బరువు కాలేదు. అది రైల్వేలకు తెలియదనుకోలేం.

పాస్ అలా తప్పుకుంటుంటే విడి టికెట్ ముందుకొచ్చింది. 2017లో, టోక్యో నుంచి ఒసాకా మీదుగా హకాతా దాకా వెళ్లే తొకాయిదో, సాన్యో లైన్లకు స్మార్ట్ ఈఎక్స్ అనే ఆన్‌లైన్ రిజర్వేషన్ సేవ మొదలైంది. ఆ శరదృతువులోనే కొన్ని దేశాల టూరిస్టులకు ఇంగ్లిష్‌లో అందుబాటులోకి వచ్చింది. ఇక ట్రావెల్ ఏజెంటు చీటీ లేదు, స్టేషన్‌లో మార్పిడి లేదు. క్రెడిట్ కార్డుతో కొని, రవాణా కార్డును గేటుకు తాకించి లేదా క్యూఆర్ కోడ్ చూపి లోపలికి పోవచ్చు. 2020 నుంచి పాస్‌ను కూడా ఆన్‌లైన్‌లోనే కొని, సీట్లు అక్కడే ఎంచుకునే వీలు కల్పించారు.

విచిత్రం ఏమిటంటే, ఫోన్‌లో టికెట్ దొరికే కాలంలోనే పచ్చ కౌంటర్ల ముందు క్యూలు పెరిగాయి. 1987లో ఏర్పడిన ప్రయాణికుల కంపెనీల్లో ఒకటైన జేఆర్ ఈస్ట్ తన 440 కౌంటర్లను 2025కల్లా 140కి తగ్గిస్తానని 2021లో ప్రకటించింది. మూసుకుంటూ వచ్చింది. మిగిలిన కౌంటర్ల దగ్గర స్వదేశీ ముసలివాళ్లు, బడి పిల్లల పాస్‌ల కోసం వచ్చిన తల్లులు, మ్యాపు విప్పుకుని నిలబడ్డ టూరిస్టులు ఒకే వరుసలో గంటల తరబడి నిలవాల్సి వచ్చింది. విమర్శలు పెరగడంతో 2024 మేలో ఆ కోతను ఆపేసింది. మనిషి బదులు యంత్రం అన్నది 1960లో నడిచిన లెక్క. రెండు కంపెనీల రైళ్లు మారి, పెద్ద సామానుతో, ఇద్దరు పిల్లల సగం టికెట్లతో వచ్చే కుటుంబానికి ఇప్పటికీ కౌంటర్ వెనకాల మనిషే కావాలి.

ఆ కౌంటర్ల వెనక ఒక పాత ఆనవాయితీ ఉంది. రిజర్వేషన్ ప్రయాణానికి సరిగ్గా నెల ముందు ఉదయం పది గంటలకు తెరుచుకుంటుంది. గిరాకీ ఉన్న రైలు కోసం ఉద్యోగి ముందే వివరాలన్నీ యంత్రంలో పెట్టుకుని, వేలు బటన్ మీద ఉంచి, గడియారం పది కొట్టిన క్షణాన నొక్కుతాడు. దీన్ని ‘పదింటి నొక్కుడు’ అంటారు. అనుభవమున్న ఉద్యోగి చేతికి టికెట్ దొరికే అవకాశం ఎక్కువని రైలు అభిమానులు ఫలానా స్టేషన్, ఫలానా కౌంటర్ అని వెతుక్కుంటూ పోతారు. పదింటికి తత్కాల్ తెరుచుకునే దేశంలో పెరిగినవాళ్లకు ఆ వేలి ఆత్రం ఎలాంటిదో తెలుసు.

ఇప్పుడు స్మార్ట్ ఈఎక్స్‌లో కొన్ని రైళ్లకు ఏడాది ముందే బుక్ చేసుకోవచ్చు. మిగతావాటికి అదే నెల, అదే పది గంటలు. జపాన్‌లో పది అంటే హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర. ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు చూడబోయే కుటుంబాలు మార్చి మొదటి వారంలో ఆ వేళకు లేచి కూర్చుంటాయి. వాళ్లు అడిగేది టోక్యో నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు, ఫుజి పర్వతం కనిపించే కిటికీ పక్క ‘ఈ’ సీటు. ఒకే బ్యాంకు కార్డు రెండుసార్లు తిరస్కరణకు గురై, మూడోసారి ఓటీపీ వచ్చేలోపు ‘ఈ’ అయిపోతే, రెండోవైపు ‘ఏ’ కిటికీ మిగిలే ఉంటుంది.